కాశీ దాకా కారులో: బయల్దేరేముందు కట్టుకోవాల్సిన సద్ది

(తిరుపతిలో ఓ ఆదివారం సాయంత్రం, మిత్రులు కోరితే చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు తీసేశాం, మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకు వినిపిస్తోందా? వినిపిస్తోందా అమ్మా? సరే, మొదలుపెడదాం.

నన్ను పిలిచినప్పుడు ఏమన్నారంటే, "సార్, మీరు రెండుసార్లు కారులో కాశీకి పోయొచ్చారు కదా, తక్కువ ఖర్చులో ఎలా పోయారో, ఫోన్లో ఏమేం చూసుకున్నారో మావాళ్ళకు చెప్పండి" అన్నారు. నేను ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ణి. అందుకని లెక్కతోనే మొదలుపెడతాను.

తిరుపతి నుంచి కాశీకి దారి ఏది? రేణిగుంట, కోడూరు, రాజంపేట మీదుగా కడప. కడప నుంచి ఆళ్ళగడ్డ, నంద్యాల, కర్నూలు. కర్నూలు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే హైదరాబాద్, నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్. ఆ తర్వాత సివనీ, లఖ్నాదోన్. అక్కడ 44ని వదిలేసి జబల్పూర్, రీవా, మీర్జాపూర్, కాశీ. ఒక వైపే సుమారు 1,800 కిలోమీటర్లు. రానూపోనూ, మధ్యలో ప్రయాగ లాంటి ఊళ్ళూ కలుపుకుంటే 4,000 వేసుకోండి. మా కారు లీటరుకు 18 ఇస్తుంది. 4,000ని 18తో భాగిస్తే 222 లీటర్లు. లీటరు సగటున 105 అనుకుంటే 23,300 రూపాయలు పెట్రోలుకే.

పద్నాలుగు రోజులు, పదమూడు రాత్రులు. మేము నలుగురం. రూములకు రాత్రికి సగటున 1,200 చొప్పున 15,600. తిండికి రోజుకు 900 చొప్పున 12,600. టోలు పాసుకు 3,000, దాని సంగతి తర్వాత చెప్తాను. పార్కింగులు, పడవలు, టికెట్లు అన్నీ కలిపి 4,000. మొత్తం 58,500. మనిషికి 14,600 చిల్లర. రెండోసారి పోయినప్పటి లెక్క ఇది. మా ఆవిడ నోటుపుస్తకంలో ప్రతి రూపాయీ రాసి పెట్టింది.

మరి మొదటిసారి? మొదటిసారి కూడా అదే కారు, అదే నలుగురం, దాదాపు అదే దారి. అయినా తొమ్మిది వేలు ఎక్కువయింది. ఎక్కడ పోయింది ఆ తొమ్మిది వేలు? హోటళ్ళలో తినలేదు, చీరలు కొనలేదు. తెలియక పోయింది. తెలిసి ఉంటే ఆగేది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ తొమ్మిది వేల గురించే.

మన పల్లెల్లో పొలానికి పోయేవాడు సద్ది కట్టుకుని పోతాడు కదా. గెనం మీద కూర్చున్నాక ఆకలైతే అప్పుడు పొయ్యి వెతుక్కోడు. ఇంట్లోనే మూట కట్టుకుంటాడు. ప్రయాణంలో సమాచారం కూడా అంతే. నెట్‌లో ఉంది కదా, దారిలో చూసుకుందాంలే అనుకుంటాం. దారిలో సిగ్నల్ ఉండదు, చార్జింగ్ ఉండదు, వెనక సీట్లో పిల్లలు ఏడుస్తుంటారు, అప్పటికే చీకటి పడి ఉంటుంది. ఆ టెన్షన్‌లో ఏది ముందు కనిపిస్తే అది నమ్ముతాం. మోసపోయేది అక్కడే.

సద్దికి ఇంకో గుణం కూడా ఉంది. పాచిపోతుంది. నిన్నటిది తినొచ్చు, మొన్నటిది వాసన చూసి తినాలి, పోయిన వారానిది పారేయాలి. నెట్‌లో కనిపించే సమాచారం కూడా పాచిపోతుంది. 2019లో ఎవరో పెట్టిన వీడియోలో "ఇక్కడ రూము నాలుగు వందలే" అని చెప్తారు. ఆ మనిషి నిజమే చెప్పాడు, కానీ ఆ రోజుకు నిజం. అందుకే నేను ప్రతిదానికీ రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఈ రెండూ తెలియని సమాచారం నా మూటలో పెట్టుకోను.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరారు. మన తిరుపతి మీదుగానే పోయారు. కడప, హైదరాబాద్, నాగపూర్, జబల్పూర్, మీరు ఇప్పుడు మ్యాప్‌లో చూసే దారికి చాలా దగ్గర దారి. పదిహేను నెలలు తిరిగారు. తిరిగి ఏం చేశారు? మజిలీ మజిలీకీ తేదీ వేసి, ఊరి పేరు రాసి, నీళ్ళు ఉన్నాయా, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా, దారి ఎలా ఉంది, అన్నీ రాసి పెట్టారు. తన తర్వాత వచ్చేవాడికి ఏం కావాలో ఆయనకు తెలుసు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, మూడూ ఉన్నాయి చూడండి అందులో. ఆయన రాసిన యాత్రా చరిత్ర ఇప్పటికీ మనవాళ్ళు చదువుతున్నారంటే అందుకే కదా?

సరే, మ్యాపుల దగ్గరికి వద్దాం.

గూగుల్ మ్యాప్స్ అందరి ఫోన్లోనూ ఉంది. ఇక్కడ ఎంతమంది ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకున్నారు? చేతులెత్తండి. నలుగురు... ఐదుగురు. అంతేనా? చూడండి, ఇంతమందిలో ఐదుగురు. మొదటిసారి పోయినప్పుడు నేను కూడా దించుకోలేదు. నాగపూర్ దాటాక పెంచ్ అడవి వస్తుంది. అక్కడ రోడ్డును పైకి లేపి కట్టారు, పులులు, జింకలు కింద నుంచి దాటేలా. చాలా అందమైన దారి. అది దాటి కొంత దూరం పోయాక ఫోన్లో సిగ్నల్ పోయింది. తెరమీద గీత ఉంది కానీ కదలడం లేదు. ఒక చోట టీ తాగి మళ్ళీ బయల్దేరేసరికి ఆ గీత కూడా పోయింది. తిరగాల్సిన చోట తిరగకుండా నలభై కిలోమీటర్లు ముందుకు పోయాం. మళ్ళీ వెనక్కి నలభై. ఎనభై కిలోమీటర్లంటే పెట్రోలు దాదాపు ఐదు వందలు, గంటన్నర సమయం. ఆ గంటన్నర వల్ల చీకటి పడింది, చీకటి పడినందువల్ల అనుకున్న ఊరు చేరలేక దొరికిన లాడ్జిలో 2,200 ఇచ్చి పడుకున్నాం. ఒక్క డౌన్‌లోడ్ చేయకపోవడం ఎంత దూరం పోయిందో చూడండి.

రెండోసారి అదే చోట అదే సమయానికి సిగ్నల్ పోయింది. కానీ నీలం చుక్క మాత్రం కదులుతూనే ఉంది. ఎందుకు? జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు. ఫోను ఉపగ్రహాల నుంచి తన చోటు తాను తెలుసుకుంటుంది. నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మ తెచ్చుకోవడానికే. ఆ బొమ్మ ఇంట్లోనే దించుకుని ఉంటే ఇక బెంగ లేదు. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆఫ్‌లైన్‌లో ట్రాఫిక్ చూపించదు. ఇంకొకటి, దించుకున్న మ్యాప్‌కు గడువు ఉంటుంది, అప్పుడప్పుడూ అప్‌డేట్ కొట్టాలి. మళ్ళీ సద్ది సంగతే.

ఇంకో మ్యాప్ కూడా ఉంది, చాలామందికి తెలియదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని, 2004లో ఇంగ్లండులో మొదలైంది. వికీపీడియా లాగే మామూలు జనం గీసిన మ్యాప్. దాని మీద ఆధారపడ్డ యాప్‌లు ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్. ఆర్గానిక్ మ్యాప్స్‌లో రాష్ట్రాలకు రాష్ట్రాలు దించుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు ఉండవు. నేను గూగుల్ మ్యాప్ ఒక ఫోన్లో, ఇది మా ఆవిడ ఫోన్లో పెట్టుకుంటాను. రెండూ ఒకే దారి చూపిస్తే ధైర్యంగా పోతాం. తేడా వస్తే బండి ఆపి ఎవరినైనా అడుగుతాం. మన దేశపు మ్యాపుల్స్ యాప్ కూడా ఉంది, అది ముందున్న స్పీడ్ బ్రేకర్లు, ప్రమాదకరమైన మలుపులు చెప్తుంది. రాత్రిపూట బాగా పనికొస్తుంది.

తేడా వస్తే అడుగుతాం అని ఎందుకన్నానంటే, 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర ముగ్గురు ప్రయాణిస్తున్న కారు సగం తెగిపోయి ఉన్న వంతెన మీద నుంచి కింద పడింది. ముగ్గురూ చనిపోయారు. వాళ్ళు ఫోన్లో మ్యాప్ చూస్తూ వెళ్ళారని వార్తల్లో వచ్చింది. అంతకుముందే వరదకు వంతెన కొట్టుకుపోయి ఉంది. దారికి అడ్డం పెట్టాల్సినవాళ్ళు పెట్టలేదు. ఆ వార్త చదివిన రోజు నుంచి నేను రాత్రి ఎనిమిది తర్వాత తెలియని చిన్న రోడ్డు ఎక్కడం మానేశాను. పది నిమిషాలు తగ్గుతుందని ఫోన్ ఎంత చెప్పినా సరే, పెద్ద రోడ్డు వదలను. మీరూ వదలకండి. ఈ ఒక్క విషయంలో నా మాట వినండి.

రోడ్లకు వేళలు కూడా ఉంటాయని మనకు వేరే చెప్పాలా? మన అలిపిరి చూడండి. అర్ధరాత్రి తర్వాత ఘాట్ రోడ్డు కొన్ని గంటలు మూస్తారని మనకు తెలుసు, దూరం నుంచి వచ్చేవాళ్ళకు తెలియదు. గేటు ముందు కార్లో నిద్రపోతున్న కుటుంబాలను మనం ఎన్నిసార్లు చూడలేదు? నాకూ శ్రీశైలం పోతున్నప్పుడు అదే జరిగింది. దోర్నాల చెక్‌పోస్టుకు తొమ్మిదింపావుకు చేరాను. నల్లమలలో పులుల అభయారణ్యం కదా, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బళ్ళు వదలరు. పావుగంట తేడాతో రాత్రంతా అక్కడే. మైసూరు నుంచి ఊటీ పోయే బందీపూర్ దారి కూడా అంతే, తొమ్మిది నుంచి ఆరు దాకా మూత. ఆ దారిలో మధ్యాహ్నం నుంచే గడియారం చూసుకుంటూ పోవాలి. మీ దారిలో అడవి కనిపిస్తే, ఆ అభయారణ్యం పేరు కొట్టి "రాత్రి రాకపోకలు" అని వెతకండి. ఒక్క నిమిషం పని.

ఇప్పుడు టోలు. ద్విచక్ర వాహనాలకు జాతీయ రహదారుల్లో టోలు లేదు, బుల్లెట్ల మీద పోయే కుర్రాళ్ళు ఈ భాగం వదిలేయొచ్చు. కార్లవాళ్ళు వినండి. జాతీయ రహదారుల సంస్థకు టోల్ సమాచార వెబ్‌సైటు ఒకటి ఉంది. అందులో ఏ ప్లాజాలో ఎంత, కారుకెంత, తిరుగు ప్రయాణానికెంత, అన్నీ ఉంటాయి. ఇరవై నాలుగు గంటల్లో తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే. ఏటా ఏప్రిల్ ఒకటిన రేట్లు మారతాయి, అందుకే పాత కాగితాలు నమ్మకూడదు. ఆ సంస్థదే రాజ్‌మార్గ్‌యాత్ర అనే యాప్ కూడా ఉంది. దారిలో ప్లాజాలు, పెట్రోలు బంకులు, ఆస్పత్రులు చూపిస్తుంది. రోడ్డు మీద గుంత కనిపిస్తే ఫోటో తీసి ఫిర్యాదు చేయొచ్చు.

అందులోనే వార్షిక పాసు తీసుకోవచ్చు. 2025 ఆగస్టు 15న వచ్చింది. మొదలుపెట్టినప్పుడు 3,000 రూపాయలు. ఏడాది గడువు, లేదా 200 ప్లాజాలు, ఏది ముందైతే అది. సొంత కార్లకు, జీపులకు, వ్యాన్లకు మాత్రమే, ట్యాక్సీలకు కాదు. 3,000ని 200తో భాగిస్తే ప్లాజాకు పదిహేను రూపాయలు. మామూలుగా ఒక్కో ప్లాజాకు ఎంత కడుతున్నామో మీకు తెలుసు కదా? కాశీ లాంటి ప్రయాణం ఒక్కటి చేసినా పాసు డబ్బు దాదాపు తిరిగొస్తుంది, ఆ ఏడాదిలో బెంగుళూరుకో చెన్నైకో నాలుగైదుసార్లు పోతే మిగతాదంతా లాభమే. కానీ జాగ్రత్త, ఇది జాతీయ రహదారులకే. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు మీద పనిచేయదు, అక్కడ ఫాస్టాగ్‌లోంచి విడిగా కట్ అవుతుంది. నాగపూర్ ముంబై మధ్య సమృద్ధి మార్గం కూడా అంతే. కాబట్టి పాసు ఉంది కదా అని ఫాస్టాగ్‌లో డబ్బులు లేకుండా బయల్దేరకండి. బ్యాలెన్స్ రాత్రి బస చేసిన చోటే చూసుకోండి, ప్లాజా వరసలో నిలబడ్డాక కాదు. ట్యాగ్ పనిచేయకపోతే నగదుకు రెట్టింపు, యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లు అని 2025 నవంబరులో పెట్టారు. ఆ తేడా అయినా తెలిసి ఉండాలి.

పెట్రోలు గురించి చిత్తూరువాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. చిత్తూరులో ఎవరైనా వేలూరు పోతే ట్యాంకు అక్కడే నింపుకుని వస్తారు. పలమనేరువాళ్ళు ముళబాగిలు పోతే అక్కడ కొట్టిస్తారు. మన నగరివాళ్ళకు తిరుత్తణి ఉండనే ఉంది. ఎందుకు? రాష్ట్రానికో పన్ను. మన రాష్ట్రంలో ఎక్కువ, పక్క రెండు రాష్ట్రాల్లో తక్కువ. సరిహద్దులో పుట్టినవాళ్ళం కాబట్టి మనకు ఇది ఉగ్గుపాలతో వచ్చిన తెలివి. ఆ తెలివినే 1,800 కిలోమీటర్లకు సాగదీయండి. కాశీ దారిలో ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, ఐదు రాష్ట్రాలు. వీటన్నిటిలో ఉత్తరప్రదేశ్‌లో చవక. మధ్యప్రదేశ్‌కూ దానికీ లీటరుకు పది రూపాయలకు పైగా తేడా చూశాను. కాబట్టి రీవాలో ట్యాంకు నింపకూడదు. సరిహద్దు దాటడానికి సరిపడా కొట్టించుకుని, మీర్జాపూర్ జిల్లాలోకి వచ్చాక నింపాలి. తిరుగు ప్రయాణంలో? ఉత్తరప్రదేశ్ వదిలేముందు గొంతు దాకా నింపుకోవాలి. రేట్లను రోజూ ఉదయం ఆరింటికి సవరించే పద్ధతి 2017 జూన్‌లో వచ్చింది. ఇండియన్ ఆయిల్, హెచ్‌పీ, భారత్ పెట్రోలియం, మూడు సంస్థల యాప్‌ల్లోనూ బంకు వారీగా ఆ రోజు రేటు కనిపిస్తుంది. పది నిమిషాలు కూర్చుని ఐదు ఊళ్ళ రేట్లు రాసుకోండి, చాలు.

ఇక రూములు. ఎక్కువసేపు మాట్లాడాల్సింది ఇక్కడే.

మొదటి ప్రయాణంలో మధ్యప్రదేశ్‌లో ఒక ఊళ్ళో రూము కోసం ఫోన్లో మ్యాప్ మీదే వెతికాను. ఒక లాడ్జి బాగుంది, ఫోటోలు బాగున్నాయి. అక్కడే ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "సార్, ఇవాళ రద్దీ, అడ్వాన్సు వేస్తేనే రూము ఆపుతా" అన్నాడు. 2,800 వేశాను. అక్కడికి పోతే కౌంటర్‌లో ఉన్న పెద్దాయన నా ఫోన్ తీసుకుని, ఆ నంబరు చూసి, తల అడ్డంగా ఊపాడు. నాకు హిందీ రాదు, ఆయనకు తెలుగు రాదు. కానీ ఆయన కౌంటర్ మీద అంటించిన కాగితం చూపించాడు. దాని మీద పెద్ద అక్షరాలతో వేరే నంబరు ఉంది. అంటే ఎవరో మ్యాప్‌లో లాడ్జి నంబరు తీసేసి తమ నంబరు పెట్టారు. నా ముందు ఇంకెంతమంది వచ్చారో! ఆ పెద్దాయన ముఖంలో నా కంటే ఎక్కువ బాధ కనిపించింది.

ఒక్క మాట ఆలోచించండి. మనం తిరుపతివాళ్ళం. ఈ మోసం మనకు తెలియనిదా? నకిలీ వెబ్‌సైట్లు నమ్మొద్దని దేవస్థానం ఎన్నిసార్లు హెచ్చరించింది? దర్శనం టికెట్టని, రూమని డబ్బు కట్టి, ఇక్కడికి వచ్చి, కాగితం చేత్తో పట్టుకుని ఏడ్చేవాళ్ళను మనం చూడలేదా? వాళ్ళను చూసి అయ్యో అనుకుంటాం. ఊరు దాటి ఐదు వందల కిలోమీటర్లు పోయామంటే మనమూ వాళ్ళలాగే కొత్తవాళ్ళమే. 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోం శాఖ సైబర్ నేరాల విభాగం కూడా యాత్రికులను హెచ్చరించింది, కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు, సోమనాథ్ అతిథి గృహాలు, ఇలాంటి వాటి పేరుతో నకిలీ సైట్లు పెడుతున్నారని. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు అంత ఆగే అవకాశం. నాకు అప్పట్లో ఈ నంబరు తెలియదు. మీరు ఇప్పుడే రాసుకోండి. పంతొమ్మిది ముప్పై.

మరి రూము ఎలా వెతకాలి? నేను ఇప్పుడు చేసేది చెప్తాను. పుణ్యక్షేత్రమైతే ఆ దేవాలయ సంస్థ సొంత సైటు. షిరిడీ సంస్థానానికి ఉంది, సోమనాథ్ ట్రస్టుకు ఉంది. ఆ చిరునామా గూగుల్‌లో పైన వచ్చిన ప్రకటన నొక్కి కాకుండా, ఒక్కో అక్షరం చూసుకుని తెరుస్తాను. మామూలు ఊరైతే రాష్ట్ర పర్యాటక సంస్థల హోటళ్ళు చూస్తాను. మనకు హరిత ఉన్నట్టే కర్ణాటకకు మయూర ఉంది, ప్రతి రాష్ట్రానికీ ఏదో ఒకటి ఉంది. మరీ చవక కాదు కానీ మోసం ఉండదు, కారు పెట్టుకోవడానికి చోటుంటుంది. ఒంటరిగా పోయే కుర్రవాళ్ళకు యూత్ హాస్టల్స్ సభ్యత్వం మంచిది.

మిగతా చోట్ల బుకింగ్ యాప్‌లో పేరు చూసి, మ్యాప్‌లో రివ్యూలు కొత్తవి ముందు వచ్చేలా పెట్టి చదువుతాను. ఐదు స్టార్లవి చదవను, రెండు, మూడు స్టార్లవి చదువుతాను. అవే నిజం చెప్తాయి. "నీళ్ళు ఉదయం ఆరింటికే వస్తాయి", "సందులోకి కారు రాదు", ఇలాంటివి. బస చేసినవాళ్ళు పెట్టిన ఫోటోలు చూస్తాను, లాడ్జివాళ్ళు పెట్టినవి కాదు. మ్యాప్‌లో వీధి చిత్రం, అదే స్ట్రీట్ వ్యూ, ఉంటే దాన్ని తెరిచి ఆ సందులోకి మన కారు పడుతుందా అని చూస్తాను. ముందుగా డబ్బు అడిగితే వేయను. "వచ్చి ఇస్తాను, ఉంటే ఇవ్వండి, లేకపోతే పక్కదానికి పోతాను" అంటాను. చిన్న ఊళ్ళలో, పండగ రోజు కాకపోతే, రూము దొరక్కపోవడం నేను చూడలేదు.

కాశీలో మానససరోవర్ ఘాట్ దగ్గర శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం ఉంది, తెలుగువాళ్ళ తిండి, తెలుగు మాట. ఆ గల్లీల్లోకి కారు పోదు. కారు బయట పార్కింగులో వదిలి, సామాను రిక్షాలో వేసుకుని పోవాలి. ఈ ముక్క తెలిస్తే సామాను తక్కువ తెచ్చుకుంటారు. మా అత్తగారు తెచ్చిన రెండు పచ్చడి జాడీలు నేనే మోశాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను, ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టుకోండి. పచ్చడి మాత్రం మానొద్దు. పచ్చడి, పొడులు, ఒక చిన్న రైస్ కుక్కర్ ఉంటే రోజుకు తొమ్మిది వందల్లో నలుగురు తినొచ్చు, ఆరోగ్యమూ చెడదు. రూము వాళ్ళను అడిగి మాత్రమే కుక్కర్ పెట్టండి.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. ప్రభుత్వ యాప్‌లు డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ ఆర్‌సీ, లైసెన్సు ఉంటే అసలు కాగితాలతో సమానమే, 2018 నుంచి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తేదీలు బయల్దేరేముందు చూసుకోండి. వాట్సాప్‌లో "మీ బండికి చలానా పడింది, ఈ ఫైలు తెరవండి" అని వస్తే తెరవొద్దు. చలానా ఉందో లేదో పరివాహన్ సైటులో బండి నంబరు కొట్టి చూసుకోండి.

నంబర్లు మూడు. ఎక్కడైనా ఆపదకు 112. జాతీయ రహదారి మీద బండి ఆగినా, ప్రమాదం జరిగినా 1033, రాత్రీ పగలూ పలుకుతుంది, అంబులెన్సు, క్రేను పంపుతారు. సైబర్ మోసానికి 1930, ఇందాక చెప్పాను. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్ళకు మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేసే పథకం 2025 మేలో వచ్చింది. అది మీకే కాదు, దారిలో మీకు కనిపించినవాళ్ళకూ పనికొస్తుంది. చూసి ఆగకుండా పోకండి.

వాన గురించి మనకంటే ఎవరికి బాగా తెలుసు? 2021 నవంబరు ఎవరూ మరిచిపోలేదు కదా. తిరుపతి వీధులు ఏరులయ్యాయి, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద పెద్ద రహదారే కోసుకుపోయింది. ఆ రోజుల్లో నేను విజయవాడ నుంచి రావాల్సి ఉంది. రెండు రోజులు ఆగి వచ్చాను. ఆగమని నాకు చెప్పింది వాతావరణ శాఖ జిల్లా వారీ హెచ్చరిక. పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు, నాలుగు రంగులు. శాఖ సైటులోనూ ఉంటుంది, మౌసమ్ యాప్‌లోనూ ఉంటుంది. పొద్దున కారు తాళం చేతికి తీసుకునేముందు ఆ రోజు దాటబోయే జిల్లాల రంగు చూడండి. నారింజ ఉంటే మా ఆవిడ కారెక్కదు. ఎరుపైతే నేనూ ఎక్కను. ఒక రోజు రూము ఖర్చు పెరుగుతుంది, పెరగనీయండి.

భాష. హిందీ రాదని చాలామంది ఆగిపోతున్నారు. అమ్మా, మీరేనా ఇందాక అడిగింది? గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో హిందీ, తెలుగు రెండూ ఫోన్లోకి దించుకోండి, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కెమెరా పెడితే బోర్డు మీద అక్షరాలు మన భాషలోకి వస్తాయి. ఆ పెద్దాయన ముందు నిలబడ్డ రోజు నాకు ఇది తెలిసి ఉంటే ఆయనతో నాలుగు మాటలు మాట్లాడి ఉండేవాణ్ణి.

చూడాల్సిన చోట్లకు పురావస్తు శాఖ టికెట్లు ఆన్‌లైన్లో కొంటే ఐదు రూపాయలు తక్కువ, వరస కూడా తప్పుతుంది. పదిహేనేళ్ళలోపు పిల్లలకు టికెట్టే లేదు. వాళ్ళ మ్యూజియాలు శుక్రవారం సెలవు. మన చంద్రగిరి కోటకు శుక్రవారం పోయి మ్యూజియం తలుపులు చూసి వచ్చినవాళ్ళు ఈ గదిలోనే ఉంటారు.

ఇంకొక్కటి ఉంది, అది అయ్యాక ఫోన్లు తీద్దాం. ఆ లాడ్జి నంబరు ఎవరో మార్చారని చెప్పాను కదా. ఎవరో మార్చగలిగితే మనమూ సరిచేయగలం. ఆ రాత్రి ఆ పెద్దాయన దగ్గరే కూర్చుని, ఆ కాగితం ఫోటో తీసి, మ్యాప్‌లో "సవరణ సూచించు" నొక్కి సరైన నంబరు పెట్టాను. నాలుగు రోజుల తర్వాత, మేము కాశీలో ఉండగా, సవరణ ఆమోదించామని నోటిఫికేషన్ వచ్చింది. రెండోసారి అదే లాడ్జిలో దిగాం. ఈసారి ట్రాన్స్‌లేట్ పెట్టుకుని మాట్లాడుకున్నాం. ఆ తర్వాత ఎవరూ డబ్బు పోగొట్టుకుని రాలేదని ఆయన చెప్పాడు. అప్పటి నుంచి ప్రతి ప్రయాణం తర్వాత ఒక గంట కూర్చుంటాను. మూసేసిన బంకు, మారిన పార్కింగు రేటు, ఆడవాళ్ళు ధైర్యంగా వాడుకోగల మరుగుదొడ్డి ఎక్కడుందో, తేదీతో సహా రాసి పెడతాను. వీరాస్వామయ్య గారు చేసిన పనే, ఫోన్లో.

సరే, ఇప్పుడు ఫోన్లు తీయండి. అందరూ తీయండి. గూగుల్ మ్యాప్స్ తెరవండి. పైన కుడివైపు మీ బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కండి. ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని వస్తుంది. వచ్చిందా? దాంట్లో మీకు కావాల్సిన మ్యాప్ ఎంచుకోమని అడుగుతుంది, ఒక చతురస్రం వస్తుంది. ముందు మన కడప నుంచి కర్నూలు దాకా పట్టేలా దాన్ని లాగండి. డౌన్‌లోడ్ నొక్కండి. నెట్ తక్కువగా ఉన్నవాళ్ళు నా హాట్‌స్పాట్ పట్టుకోండి, పాస్‌వర్డ్ బోర్డు మీద రాస్తున్నాను. రానివాళ్ళు చెయ్యెత్తండి, నేనే మీ దగ్గరికి వస్తాను.